నలభై లక్షల వాచీ లోపల తిరిగేది ఏమిటి?

అలిపిరి మెట్లు (తిరుపతి), మంగళవారం రాత్రి 9:40

మొన్న చెన్నైలో ఒక పెద్ద షోరూములో టూర్బిలాన్ వాచీని మొదటిసారి దగ్గరగా చూశాను. డయలు కింది భాగంలో వేలిగోరంత పంజరం. దానిలో అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని కొలిచే బ్యాలెన్స్ వీల్, దాని ఊపు ఆగకుండా తోసే లీవరు, ఎస్కేప్ వీల్ అన్నీ కలిసి నిమిషానికి ఒక చుట్టు తిరుగుతున్నాయి. ధర అడిగితే నలభై లక్షల పైమాట అన్నారు. నాతో వచ్చిన మా బావమరిది "రోజుకు ఎంత తేడా వస్తుంది?" అని అడిగాడు. "నాలుగైదు సెకన్లు రావచ్చు సార్" అన్నారు. మా వాడి చేతికి ఉన్నది నాలుగు వందలకు కొన్న సెల్లు వాచీ. దానికి నెలంతా కలిపినా పది పదిహేను సెకన్ల తేడా రాదు. అప్పుడు వాడు నా వైపు చూసిన చూపు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నేను మెకానికల్ ఇంజినీరింగు చదివినవాడిని, ఇప్పుడు అదే పాఠాలు చెబుతున్నాను. నా ప్రశ్న ధర గురించి కాదు. బంగారం, పేరు, షోరూము అద్దె అన్నీ పక్కన పెట్టండి. లోపలి యంత్రంలో నిజంగా కొత్త ఆలోచన ఏమైనా ఉందా, లేక రెండు వందల ఏళ్ల నాటి బొమ్మకే మెరుగు పెట్టి అమ్ముతున్నారా? వాచీలు విప్పి చూసినవారు చెబితే సంతోషం.

చిత్తూరు మామిడి (చిత్తూరు), మంగళవారం రాత్రి 9:58

ముందు ఒక సంగతి తేలాలి. ఇక్కడున్న వాచీ ప్రియులందరూ కాణిపాకం కోనేటిలో మునిగి వచ్చి ప్రమాణం చేయండి. రైలు పట్టుకోవాలంటే చేతి వాచీ చూస్తారా, జేబులోని ఫోను చూస్తారా? ఆ తర్వాత ఇంజినీరింగు మాట్లాడుకుందాం.

రేణిగుంట జంక్షన్ (రేణిగుంట), మంగళవారం రాత్రి 10:05

నేను రైల్వేలోనే పనిచేస్తాను. ప్రమాణం నా వల్ల కాదు.

నూనె బొట్టు (తిరుపతి), మంగళవారం రాత్రి 11:20

గాంధీ రోడ్డు పక్క సందులో నలభై ఒక్క ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్నాను. టూర్బిలాన్ నా బల్ల మీదకు ఒక్కసారి కూడా రాలేదు, ఇక రాదు కూడా. కానీ అది ఏ జబ్బుకు మందో, ఆ జబ్బును మాత్రం రోజూ చూస్తున్నాను.

సైకిలు చక్రాన్ని పైకెత్తి తిప్పి వదలండి. చివరికి ఆగేటప్పుడు గాలి కొట్టే వాల్వు కిందికే వస్తుంది. ఆ కాస్త బరువు చాలు. బ్యాలెన్స్ వీల్‌ను ఎంత జాగ్రత్తగా చేసినా ఎక్కడో ఒక చోట అలాంటి వాల్వు ఉండే తీరుతుంది. వాచీని బల్ల మీద పడుకోబెడితే ఆ బరువు ఏమీ చేయలేదు. నిలబెడితే మాత్రం కీ పైకి ఉన్నప్పుడు ఒక లెక్క, కీ కిందికి ఉన్నప్పుడు ఇంకో లెక్క. ఒక వైపు ముందుకు పరుగెత్తిన వాచీ మరో వైపు వెనకబడుతుంది.

పారిస్‌లో స్థిరపడిన స్విస్ నిపుణుడు అబ్రహాం లూయీ బ్రెగే 1801 జూన్ 26న టూర్బిలాన్‌కు పేటెంటు పొందాడు. ఆ రోజుల్లో వాచీ కోటు జేబులో పొద్దస్తమానం నిలువుగానే ఉండేది, ఒకే దిక్కున. అందుకని ఆయన బ్యాలెన్సును, దాన్ని కొట్టే భాగాలను ఒక పంజరంలో పెట్టి పంజరాన్నే తిప్పాడు. ముందుకు నడిపే తప్పు, వెనక్కి లాగే తప్పు ఒక నిమిషంలోనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గమనించండి, ఆయన తప్పును తీసేయలేదు, అన్ని వైపులకూ సమానంగా పంచాడు. నా దృష్టిలో అది చాలా గొప్ప ఆలోచన.

చేతికి కట్టే వాచీకి ఆ అవసరం పెద్దగా లేదు. మన చేయి రోజంతా పంజరం పని చేస్తూనే ఉంటుంది. మాటకు ముందు చేతులు తిప్పే మన ఊరి వాళ్లకైతే అసలే అక్కర్లేదు. కాబట్టి మీరు చెన్నైలో చూసినది ఒకప్పటి మందు, ఇప్పుడది మెడలో తాయెత్తు.

మైక్రాన్ (శ్రీసిటీ), బుధవారం ఉదయం 7:15

నూనె బొట్టు గారి మాటకు ఒక చిన్న చేర్పు. తిరిగే పంజరం ఒకే అక్షం మీద తిరిగితే వాచీ పడుకున్నప్పుడు ప్రయోజనం లేదు. అందుకని 2004లో జేగర్ లెకూల్త్ర వాళ్లు రెండు అక్షాల మీద తిరిగే గైరోటూర్బిలాన్ తెచ్చారు. అదే ఏడాది గ్రూబెల్ ఫోర్సే వాళ్లు లోపలి పంజరాన్ని 30 డిగ్రీలు వాల్చి, పంజరంలో పంజరం పెట్టారు. పనితనం చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ ఇదంతా పాత తప్పును ఇంకా బాగా పంచడమే. తప్పు పుట్టకుండా చేసిన వాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల సంగతి సాయంత్రం డ్యూటీ దిగాక రాస్తాను.

రేణిగుంట జంక్షన్ (రేణిగుంట), బుధవారం ఉదయం 8:30

నాకు చిన్నప్పటి నుంచి ఒక అనుమానం. కొండ మీదకు వెళితే వాచీ నడక మారుతుందా? మా తాతగారు తిరుమల వెళ్లి వచ్చాక ప్రతిసారీ వాచీ సరిచేసుకునేవారు. స్వామివారి దగ్గర కాలం వేరుగా నడుస్తుందని చెప్పేవారు.

అలిపిరి మెట్లు (తిరుపతి), బుధవారం మధ్యాహ్నం 1:10

ఈ లెక్క నాకు వచ్చు కాబట్టి చెబుతాను. లోలకం గడియారమైతే మారుతుంది. తిరుపతికి, తిరుమలకు ఎత్తు తేడా సుమారు ఏడు వందల మీటర్లు అనుకుందాం. భూమి కేంద్రం నుంచి మనం ఉన్న దూరం 6,371 కిలోమీటర్లు. అంత ఎక్కితే గురుత్వాకర్షణ పదివేలలో రెండు వంతుల మేర తగ్గుతుంది. లోలకం ఊగే సమయం అందులో సగం, అంటే పదివేలలో ఒక వంతు పెరుగుతుంది. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి గోడ గడియారం తొమ్మిది సెకన్ల వరకు వెనకబడాలి. కొండ రాయి కూడా తన వంతు లాగుతుంది కాబట్టి నిజంలో అంతకంటే కొంచెం తక్కువ.

చేతి వాచీలో బ్యాలెన్సును వెనక్కి తెచ్చేది భూమి కాదు, హెయిర్ స్ప్రింగు. 1675లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ ఆ చుట్ట స్ప్రింగును గడియారంలో పెట్టిన రోజు నుంచే గడియారం జేబులో ప్రయాణం చేయడానికి నిజంగా పనికొచ్చింది. కాబట్టి ఎత్తు వల్ల మీ తాతగారి వాచీ మారదు. కొండ మీది చలి వల్ల మాత్రం మారి ఉండవచ్చు.

నూనె బొట్టు (తిరుపతి), బుధవారం మధ్యాహ్నం 2:45

చలి కాదు నాయనా, ఎండ గురించి అడగండి. మామూలు ఉక్కు హెయిర్ స్ప్రింగు వేడెక్కితే మెత్తబడుతుంది. సర్దుబాటు లేని పాత వాచీ అయితే ఒక్క డిగ్రీ పెరిగినా రోజుకు పది సెకన్లకు పైనే వెనకబడుతుంది. మన ఊళ్లో జనవరి తెల్లవారుజామున ఉన్న చలికీ, మే మధ్యాహ్నం ఎండకూ పాతిక డిగ్రీల తేడా. లెక్క మీరే వేసుకోండి. చార్లెస్ ఎడువార్డ్ గియోమ్ అనే ఆయన నికెలు, ఉక్కు కలిపి ఇన్వార్, ఎలిన్వార్ అనే లోహాలు చేసి ఈ గోల తగ్గించాడు. ఆయనకు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. వాచీ స్ప్రింగుకు నోబెల్ వచ్చిందని మా నాన్నగారు గర్వంగా చెప్పేవారు, ఏదో మా ఇంట్లో వాళ్లకే వచ్చినట్టు.

స్విట్జర్లాండులో క్రోనోమీటరు పరీక్ష పెడతారు. యంత్రాన్ని పదిహేను రోజుల పాటు అయిదు భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల దగ్గర చూస్తారు. రోజుకు సగటున నాలుగు సెకన్లు వెనక, ఆరు సెకన్లు ముందు, ఆ లోపల ఉంటే పాసు. వాళ్లకు 38 అంటే మహా వేడి. మనకు ఏప్రిల్ మొదటి వారం.

చిత్తూరు మామిడి (చిత్తూరు), బుధవారం సాయంత్రం 5:30

నాలుగు సెకన్లు వెనకబడినా పాసేనా? మా రోజుల్లో ఇన్ని మార్కులు వేసే పంతుళ్లు లేరు.

మైక్రాన్ (శ్రీసిటీ), బుధవారం రాత్రి 10:20

ఉదయం చెప్పిన మాట ప్రకారం రాస్తున్నాను. కాస్త పొడవుగా ఉంటుంది.

నేను టూల్ రూములో అచ్చులు చేసేవాడిని. మా దగ్గర అయిదు మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) తప్పితే భాగం వెనక్కి వస్తుంది. ఆ కళ్లతో చూస్తే వాచీలో నన్ను ఆశ్చర్యపరిచేది తిరిగే పంజరం కాదు, సిలికాన్ భాగాలు. 2001లో యూలిస్ నార్డాన్ కంపెనీ ఫ్రీక్ అనే వాచీ తెచ్చింది. దానికి కీ లేదు, ముళ్లు లేవు. యంత్రమే చుట్టూ తిరుగుతూ నిమిషాల ముల్లు పని చేస్తుంది. వెనక మూత తిప్పితే కీ ఎక్కుతుంది, ముందున్న అంచు తిప్పితే టైము మారుతుంది. అందరూ ఆ వింతనే చూశారు. అసలు సంగతి లోపల ఉంది. ఎస్కేప్ వీల్స్ సిలికాన్‌తో చేశారు. కంప్యూటర్ చిప్పులు చెక్కే పద్ధతిలోనే సిలికాన్ పలకను వాయువుతో నిలువుగా కొరుకుతారు. ఉలి లేదు, ఆకురాయి లేదు. గీసిన గీత ఎలా ఉంటే భాగం అలాగే వస్తుంది.

సిలికాన్‌కు అయస్కాంతం అంటదు. ఉక్కు కంటే చాలా తేలిక. రెండు భాగాలు రాసుకున్నా నూనె అవసరం దాదాపు ఉండదు. 2006లో పటెక్ ఫిలిప్ హెయిర్ స్ప్రింగునే దానితో చేసింది. సిలికాన్ కూడా వేడికి గుణం మారుతుంది, కాబట్టి పైన ఆక్సైడు పొరను లెక్క ప్రకారం పెంచుతారు. ఒకటి మెత్తబడితే రెండోది గట్టిపడుతుంది. గియోమ్ గారు కొలిమిలో చేసిన పనిని వీళ్లు పొరతో చేశారు.

ఇంకో అడుగు ముందుకు వేసింది జెనిత్. 2017లో డెఫీ ల్యాబ్ అని పది వాచీలు చేసింది. బ్యాలెన్సు, స్ప్రింగు, లీవరు లాంటి ముప్పై దాకా భాగాలను తీసేసి ఒకే ఒక్క సిలికాన్ బిళ్ల పెట్టింది. మందం అర మిల్లీమీటరు. అక్షం లేదు, బేరింగు లేదు. కొబ్బరినూనె సీసా మూత చూడండి. సీలా లేకుండా ఆ పలుచటి ప్లాస్టిక్కే వంగి కీలులా పనిచేస్తుంది కదా, అదే సూత్రం. మామూలు వాచీ సెకనుకు నాలుగు సార్లు అటూ ఇటూ ఊగితే ఇది పదిహేను సార్లు వణుకుతుంది.

అలిపిరి మెట్లు గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. భాగాలు పెంచిన చోట కాదు, తగ్గించిన చోట వెతకండి. ఈ మధ్య 2025లో రోలెక్స్ వాళ్లు ల్యాండ్ డ్వెల్లర్ వాచీలో పెట్టిన డైనాపల్స్ అనే అమరిక కూడా ఆ దారిదే. పళ్లు రాళ్ల మీద జారడం తగ్గి, దొర్లుతూ నెట్టే సిలికాన్ చక్రాలు వచ్చాయి.

నూనె బొట్టు (తిరుపతి), బుధవారం రాత్రి 11:50

మైక్రాన్ గారు రాసినది రెండుసార్లు చదివాను. నిజమే రాశారు. చదివాక నిద్ర పట్టలేదు, అది కూడా నిజమే.

నా పేరు ఎందుకు ఇలా పెట్టుకున్నానో చెబుతాను. వాచీని చంపేది దుమ్ము, తడి, అయస్కాంతం, వీటన్నిటికంటే ముందు నూనె. లీవరు చివర రెండు కెంపు రాళ్లు ఉంటాయి. ఎస్కేప్ వీల్ పన్ను ఆ రాయి మీద జారుతూ బ్యాలెన్సుకు చిన్న తోపుడు ఇస్తుంది. చేత్తో కీ ఇచ్చే పాత వాచీలో ఆ చప్పుడు రోజుకు 4,32,000 సార్లు. జారినప్పుడల్లా నూనె పని చేస్తుంది, కొంచెం పక్కకు పోతుంది, కొంచెం చిక్కబడుతుంది. మూడు నాలుగేళ్లకు జిగురు. బ్యాలెన్సు ఊపు తగ్గుతుంది, వాచీ తప్పుతుంది, మనిషి నా దగ్గరకు వస్తాడు. సూది మొన మీద నిలిచేంత నూనె బొట్టు ఎక్కడ, ఎంత పెట్టాలో నేర్చుకోవడానికే నాకు ఆరేళ్లు పట్టింది. ఎక్కువ పెడితే పారిపోతుంది, తక్కువ పెడితే ఎండిపోతుంది.

ఇంగ్లండులో జార్జ్ డేనియల్స్ అనే ఒక్క మనిషి, తన పనిగదిలో కూర్చుని ఈ జారుడు మీద యుద్ధం చేశాడు. కో-ఏక్సియల్ ఎస్కేప్‌మెంట్ (బ్యాలెన్సుకు తోపుడు ఇచ్చే అమరిక) అని కనిపెట్టాడు. జారుతూ తోయడం బదులు గుడిగంటకు కొట్టినట్టు ఎదురుగా చిన్న తట్టు తడుతుంది. స్విస్ కంపెనీల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాడు. చివరికి ఒమేగా 1999లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. నాకు దేవుడి పటం పక్కన ఇంకొకరి పటం పెట్టుకునే చోటు ఉంటే అది ఆయనదే.

కానీ మైక్రాన్ గారూ, ఒక మాట. ఇత్తడి చక్రం పన్ను వంగితే శ్రావణంతో నెమ్మదిగా సరిచేసేవాడిని. పివట్ (ఇరుసు మొన) అరిగితే మెరుగు పట్టేవాడిని. సిలికాన్ భాగం జారి కింద పడితే గాజు గాజులా ముక్కలవుతుంది. కొత్తది కంపెనీ నుంచే రావాలి. ఆ కంపెనీ నాకు ఇవ్వదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ భాగం చేయడం మానేస్తే వాచీ నగల డబ్బాలో పడి ఉంటుంది. డేనియల్స్ చేసిన చక్రాన్ని మాత్రం వందేళ్ల తర్వాత కూడా ఎవడో ఒక మొండివాడు చేయగలడు.

మైక్రాన్ (శ్రీసిటీ), గురువారం ఉదయం 7:05

మీ బాధ అర్థమైంది. కానీ స్కూటర్లలో కార్బురేటర్ పోయినప్పుడు కూడా మెకానిక్కులు ఇదే అన్నారు. బండి మెరుగైందా లేదా అన్నది వేరే, దాన్ని సందు చివర బాగుచేయగలమా అన్నది వేరే.

నూనె బొట్టు (తిరుపతి), గురువారం ఉదయం 7:40

స్కూటరు ఎవరూ మనవడికి ఇవ్వాలని కొనరు. ఈ వాచీలు అమ్మేవాళ్లు చెప్పే మొదటి మాటే అది.

చిత్తూరు మామిడి (చిత్తూరు), గురువారం ఉదయం 9:20

ఈ దెబ్బకు మైక్రాన్ గారు సాయంత్రం వరకు డ్యూటీలోనే ఉంటారు.

కెంపు రాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక ఇంటి గుట్టు. మా తాత హెచ్.ఎం.టి. జనతా వాచీ మీద "17 జ్యువెల్స్" అని ఉండేది. ఆయన పోయాక మా అవ్వ దాన్ని ఇనప్పెట్టెలో దాచి, పెద్ద మనవరాలి పెళ్లికి అందులోని పదిహేడు కెంపులతో కమ్మలు చేయిస్తానని అందరికీ మాట ఇచ్చింది. పెళ్లి నాటికి కంసాలి దగ్గరకు తీసుకువెళ్లారు. ఆయన భూతద్దం పెట్టి చూసి, అవ్వ ముఖం చూసి, "అమ్మా, ఇవి చీమకు ముక్కుపుడకలు" అన్నాడు.

కెంపు (తిరుపతి), గురువారం ఉదయం 11:00

చిత్తూరు మామిడి గారూ, మా కొట్టుకు కూడా అలాంటి అవ్వలు వచ్చారు. మాది గోవిందరాజస్వామి గుడి దగ్గర మూడు తరాల నగల పని.

వాచీలో కెంపు ఆభరణం కాదు, బేరింగు. ఉక్కు ఇరుసు ఇత్తడిలో తిరిగితే అరుగుతుంది, నునుపైన కెంపు రంధ్రంలో తిరిగితే అరగదు. 1704లో లండన్‌లో ఫాసియో అనే స్విస్ పండితుడు రాయికి అంత చిన్న రంధ్రం వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో నిజం కెంపులే వాడారు. 1902లో వెర్నుయీ కొలిమిలో కెంపు పెంచడం చూపించాక అవి గులకరాళ్లంత చవక అయ్యాయి. కాబట్టి అవ్వ కమ్మలు ఎలాగూ కుదరవు.

ఇంజినీరింగు గురించి మీరంతా రాస్తున్నారు కానీ, నలభై లక్షల్లో పెద్ద వాటా ఎక్కడికి పోతుందో ఒక నగల పనివాళ్ల ఇంటి మనిషిగా నాకు తెలుసు. చేతి పని. ఒక ఉక్కు పట్టీ అంచును నలభై అయిదు డిగ్రీలకు వాల్చి, అద్దంలా మెరుగు పెడతారు. రెండు అంచులు లోపలికి కలిసే మూల ఉంటుంది చూడండి, అక్కడికి తిరిగే చక్రం ఏదీ చేరదు. చేత్తో, చిన్న పుల్లతో, రోజుల తరబడి రుద్దాలి. ఇంకొకటి నల్ల మెరుగు. ఉక్కును తగరం పలక మీద వజ్రపు ముద్దతో ఎంత చదునుగా రుద్దుతారంటే, ఒక వైపు నుంచి తెల్లగా, కాస్త వంచితే కటిక నలుపుగా కనిపిస్తుంది. సగం పైగా భాగాలు మూత కింద ఉండిపోతాయి. ఎవరూ చూడరు. గుడి గోపురం వెనక వైపు శిల్పి చెక్కినట్టు.

ఇందులో కొత్త ఆలోచన ఏమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇది మెరుగు పెట్టి అమ్మడం అని మొదటి పోస్టులో ఒకరు చులకనగా రాశారు. ఆ మెరుగు ఒక రోజు పెట్టి చూడమనండి.

అలిపిరి మెట్లు (తిరుపతి), గురువారం మధ్యాహ్నం 1:30

తప్పు నాదేనండి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంతకీ సీకో వాళ్ల స్ప్రింగ్ డ్రైవ్ ఏ కోవలోకి వస్తుంది? దానికి సెల్లు లేదు. కీ ఇస్తే బిగుసుకునే మామూలు మెయిన్ స్ప్రింగే చక్రాలను తిప్పుతుంది. కానీ చివర లీవరు, ఎస్కేప్ వీల్ బదులు ఒక చక్రం సెకనుకు ఎనిమిది సార్లు సాఫీగా తిరుగుతుంది. అది తిరుగుతూ డైనమోలా కాస్త కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో క్వార్ట్జ్ (సెల్లు వాచీల్లో కాలం కొలిచే స్ఫటికం) నడుస్తుంది, క్వార్ట్జ్ చూసి చెప్పినప్పుడల్లా అయస్కాంతం ఆ చక్రానికే బ్రేకు వేస్తుంది. సైకిలు డైనమో వెలిగించే దీపం వెలుతురులో సైకిలు తొక్కేవాడు తన వేగాన్ని తానే సరిచూసుకున్నట్టు. యోషికాజు అకహానె అనే ఇంజినీరు 1977లో ఈ ఆలోచన మొదలుపెడితే అమ్మకానికి వచ్చేసరికి 1999. నా విద్యార్థులకు ఫీడ్‌బ్యాక్ పాఠం ఇక నుంచి దీనితోనే చెబుతాను.

రేణిగుంట జంక్షన్ (రేణిగుంట), గురువారం మధ్యాహ్నం 2:00

క్వార్ట్జ్ పెట్టాక అది మెకానికల్ వాచీ ఎలా అవుతుంది? బొగ్గు ఇంజను ముందు కరెంటు ఇంజను తగిలించి ఆవిరి బండి అన్నట్టు ఉంది.

మైక్రాన్ (శ్రీసిటీ), గురువారం రాత్రి 9:45

పేరుతో నాకు పని లేదు. 2025లో గ్రాండ్ సీకో తెచ్చిన స్ప్రింగ్ డ్రైవ్‌కు ఏడాదికి ఇరవై సెకన్లు మాత్రమే తేడా అని కంపెనీ హామీ ఇస్తోంది. సెల్లు లేకుండా, స్ప్రింగు బలంతో. అలిపిరి మెట్లు గారూ, మీ బావమరిదికి ఈ వాక్యం చదివి వినిపించండి.

పొద్దున్న నూనె బొట్టు గారు అన్న మాటకు జవాబు నా దగ్గర ఇంకా లేదు. ఒప్పుకుంటున్నాను.

చిత్తూరు మామిడి (చిత్తూరు), గురువారం రాత్రి 10:10

పలుచన పందెం గురించి ఎవరూ రాయలేదేం? మొన్న ఎక్కడో చదివాను, పది రూపాయల నాణెం మందమే ఉన్న వాచీ చేశారట.

మైక్రాన్ (శ్రీసిటీ), గురువారం రాత్రి 10:25

అవును. పియాజే 2 మిల్లీమీటర్లు అంది, 2022లో బుల్గారి 1.80 అంది, అదే ఏడాది రిషార్ మిల్ 1.75కు దించింది, 2024లో బుల్గారి 1.70, రష్యా పనివాడు కాన్‌స్తాంతిన్ చైకిన్ 1.65. వెనక మూతనే యంత్రానికి పీఠంగా వాడితే తప్ప అంత పలుచన రాదు. పట్టీ బిగిస్తే పీఠం వంగుతుంది, వంగితే చక్రాలు పట్టేస్తాయి. అందుకే బుల్గారి ఆ మూతను టంగ్‌స్టన్ కార్బైడుతో చేసింది, మా దగ్గర కోత పనిముట్లు చేసే సరుకు. కష్టమే, కానీ ఇది ఎవరు ఎక్కువ సేపు ఊపిరి బిగబడతారన్న పందెం లాంటిది. మన దగ్గర టైటాన్ 2002లోనే ఎడ్జ్ అని 3.5 మిల్లీమీటర్ల సెల్లు వాచీ చేసింది. అది మాత్రం మామూలు మనిషి కొనుక్కుని కట్టుకున్నాడు.

అధికమాసం (తిరుపతి), శుక్రవారం ఉదయం 6:00

నమస్కారం. మూడు రోజులుగా చదువుతున్నాను. మీరంతా సెకన్ల దగ్గరే ఆగిపోయారు. అసలు కష్టం నెలల దగ్గర ఉంది. నేను జ్యోతిషం చదువుకున్నవాడిని, పంచాంగ గణితం నా వృత్తి.

వాచీలో చంద్రుడి బొమ్మ చూసి ఉంటారు. దాని వెనక మామూలుగా 59 పళ్ల చక్రం ఉంటుంది, రోజుకు ఒక పన్ను. ఆ చక్రం మీద రెండు చంద్రుల బొమ్మలు ఉంటాయి కాబట్టి ఒక్కో నెలకు 29.5 రోజులు. నిజమైన చాంద్రమాసం సగటు 29.53059 రోజులు. ఈ చిన్న తేడా పోగుపడి సుమారు రెండేళ్ల ఎనిమిది నెలలకు వాచీ చంద్రుడు ఒక రోజు ముందుకు పోతాడు. మన అధికమాసం కూడా దాదాపు అంత కాలానికే ఒకసారి వస్తుంది. రెంటికీ సంబంధం లేదు, కానీ నాకు గుర్తుపెట్టుకోవడానికి బాగుంది: అధికమాసం రాగానే వాచీ చంద్రుడిని వెనక్కి తిప్పాలి. మంచి వాచీల్లో 135 పళ్ల చక్రం వాడతారు. దానికి 122 ఏళ్లకు ఒక రోజు తేడా.

ఇంగ్లీషు క్యాలెండరు తేలిక. నాలుగేళ్లకు 48 గుంటలున్న ఒక చక్రం చేస్తారు. గుంట లోతును బట్టి మీట ఆ నెలకు ఎన్ని రోజులో తెలుసుకుంటుంది. 2100 ఫిబ్రవరికి 29 రోజులు ఉండవు కాబట్టి ఆ ఏడాది మాత్రం చేత్తో సరిచేయాలి. పాత పద్ధతిలో ప్రతి నెలకూ 31 రోజులు ఉన్నాయనుకుని, చిన్న నెలల చివర అదనపు రోజులను గబగబా దాటించేవారు. ఆ సమయంలో కీ తిప్పితే పళ్లు విరిగేవి. 2015లో ఎం.బి. అండ్ ఎఫ్. అనే వాచీ కంపెనీ కోసం స్టీఫెన్ మెక్‌డొనెల్ ఆ ఊహను తలకిందులు చేశాడు. ప్రతి నెలకూ 28 రోజులే అనుకుని, కావలసినన్ని రోజులు కలుపుతాడు. తీసివేత లేదు, కూడిక మాత్రమే. ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఇంజినీరింగు ఇదే, ఎందుకంటే ఇది లోహంలో కాదు, లెక్కలో జరిగింది.

ఇక మన లెక్క. పన్నెండు చాంద్రమాసాలు 354 రోజులు. సౌరమానానికి పదకొండు రోజులు తక్కువ. పంతొమ్మిదేళ్లలో 235 చాంద్రమాసాలు, అంటే ఏడు అధికమాసాలు. ఇంతవరకు చక్రాలతో చేయవచ్చు. గ్రీసు దగ్గర సముద్రంలో దొరికిన ఆంటికితెరా యంత్రంలో రెండు వేల ఏళ్ల కిందటే 235 నెలల డయలు ఉంది. కానీ ఏ నెల అధికమవుతుందో పళ్లు లెక్కపెట్టి చెప్పలేం. ఏ చాంద్రమాసంలో సంక్రాంతి (సూర్యుడు కొత్త రాశిలోకి మారడం) పడదో అది అధికమాసం. 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం. మన ఊళ్లో ఎవరినైనా అడగండి, అధికమాసం వస్తే తిరుమలలో బ్రహ్మోత్సవాలు రెండు. 2020లో, 2023లో అలాగే జరిగాయి. ఇక తిథి అయితే ఒకసారి ఇరవై గంటలు, ఒకసారి ఇరవై ఆరు గంటలు దాటుతుంది. చంద్రుడు సమవేగంతో నడవడు కదా.

చైనా వాళ్ల అధికమాసానికి కూడా ఇదే చిక్కు. వాషెరాన్ కాన్‌స్టాంటిన్ అనే వాచీ కంపెనీ 2024లో చూపించిన బర్క్లీ జేబు గడియారంలో 63 విశేషాలున్నాయి. చైనా క్యాలెండరును అందులో 2200 వరకు నడిచేలా అమర్చారు, పదకొండేళ్లు పట్టింది. చక్రాలతో పుట్టని క్రమాన్ని ముందే లోహంలో చెక్కిపెట్టారన్నమాట. అంటే అది గడియారం కాదు, తిరిగే పంచాంగం. మేము కాగితం మీద ఏటా వేసేది వాళ్లు ఇత్తడి మీద ఒకేసారి వేశారు.

చిత్తూరు మామిడి (చిత్తూరు), శుక్రవారం ఉదయం 8:15

స్వామీ, ఆ వాచీ రాహుకాలం కూడా చూపిస్తే చెప్పండి. కోత రోజుల్లో మండీకి ఎప్పుడు బయలుదేరాలో మా ఇంట్లో రోజూ గొడవ.

అధికమాసం (తిరుపతి), శుక్రవారం ఉదయం 8:40

రాహుకాలం తేలిక. సూర్యోదయం నుంచి అస్తమయం వరకు ఎనిమిది భాగాలు, వారాన్ని బట్టి ఒకటి. సూర్యోదయం చూపించే వాచీలు ఇప్పటికే ఉన్నాయి, కాబట్టి మైక్రాన్ గారు తలచుకుంటే ఇంకో రెండు మీటలతో అయిపోతుంది.

మైక్రాన్ (శ్రీసిటీ), శుక్రవారం మధ్యాహ్నం 1:05

తలచుకున్నాను. కాగితం మీద గీస్తున్నాను. ఎగతాళి చేయకండి.

అలిపిరి మెట్లు (తిరుపతి), ఆదివారం సాయంత్రం 6:30

నిన్న నూనె బొట్టు గారి షాపుకు వెళ్లాను. హుండీలో భక్తులు వేసిన వాచీలను టీటీడీ వేలం వేస్తుంది కదా, కొన్నేళ్ల కిందట ఒక లాటు పాడుకున్నాను. అందులో ఒక పాత ఆటోమేటిక్ ఉంది. డయలు మీద పేరు చెరిగిపోయింది. రోజుకు ఆరు నిమిషాలు ముందుకు పోతుంటే పెట్టెలో పడేశాను.

ఆయన వాచీని విప్పకుండానే దిక్సూచి పక్కన పెట్టారు. ముల్లు గిలగిల కొట్టుకుంది. "అయస్కాంతం పట్టింది. హెయిర్ స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకున్నాయి, స్ప్రింగు పొట్టిదైనట్టే, అందుకే పరుగు" అన్నారు. ఒక చిన్న యంత్రం మీద పెట్టి మీట నొక్కి నెమ్మదిగా పైకి తీశారు. అంతే. ఆరు నిమిషాలు పోయాయి.

తర్వాత విప్పి, కడిగి, నూనె పెట్టి, వాచీ చప్పుడు వినే యంత్రం మీద పెట్టారు. డయలు పైకి పెడితే రోజుకు 12 సెకన్లు ముందు. కీ కిందికి పెడితే 9 సెకన్లు వెనక. మళ్లీ డయలు పైకి, మళ్లీ 12. నేను నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పి చూశాను. "ఇదేనా మీరు చెప్పిన వాల్వు?" అని అడిగితే నవ్వి, కంటి అద్దం నాకు ఇచ్చారు. బ్యాలెన్స్ వీల్ ఊగుతూ ఉంది. ఆ బరువు ఎక్కడుందో నాకు కనపడలేదు. ఆయనకు కనపడింది.

రాత్రి పడుకునేటప్పుడు కీ కిందికి ఆనించి పెట్టమన్నారు. పగలు ముందుకు పోయినది రాత్రి వెనక్కి వస్తుందట. ఈ రోజు పొద్దున్నకు తేడా ఒక సెకను.

చిత్తూరు మామిడి (చిత్తూరు), ఆదివారం సాయంత్రం 6:52

అంటే టూర్బిలాన్ మీ ఇంటి మంచం పక్క బల్లన్నమాట. నలభై లక్షలు మిగిలాయి.

నూనె బొట్టు గారూ, మా అవ్వ జనతా వాచీ ఇంకా ఇనప్పెట్టెలోనే ఉంది. పదిహేడు కెంపులూ భద్రం. వచ్చే శనివారం తెస్తాను, షాపు ఎన్ని గంటలకు తెరుస్తారు?

నూనె బొట్టు (తిరుపతి), ఆదివారం రాత్రి 8:10

పదిన్నరకు. నా వాచీ ప్రకారం.